పైథాన్ నుంచి ఆర్డుయినో ఊనో బోర్డుకి యూఎస్‌బీ కేబుల్ మీద డేటా పంపే ముందు ఇవి చూసుకోండి

ముందు కేబుల్. విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న కేబుల్‌తో నేనొక పూటంతా కొట్టుకున్నాను, బోర్డు మీద లైటు వెలుగుతోంది గానీ ల్యాప్‌టాప్‌లో పోర్టే కనబడదు, తీరా చూస్తే అది ఉత్త ఛార్జింగ్ కేబులు, లోపల డేటా వైర్లే లేవు. ఏటి సెయ్యాలి, నవ్వుకున్నాం.

పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌లో, పోర్టుతో మాట్లాడ్డానికి పైసీరియల్ (pyserial) అనే కొట్టండి, ఉత్త సీరియల్ (serial) అని కొడితే వేరే ప్యాకేజీ దిగుతాది. మీ ఫైలుక్కూడా సీరియల్ అని పేరు పెట్టకండి, ఇంపోర్ట్ చేస్తే పైథాన్ దాన్నే లాగుతాది.

ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ మానిటర్ (బోర్డు పంపేది చూపించే విండో) తెరిచుంటే మూసీండి, లేదంటే పోర్టు బిజీ అంటాది. ఉబుంటు లాంటి లైనక్స్ వాళ్ళు, పోర్టు వాడే అనుమతి కోసం డయలౌట్ (dialout) గ్రూపులో చేరి ఒకసారి లాగౌట్ అయి రండి. బాడ్ రేటు (డేటా వెళ్ళే వేగం) రెండువైపులా ఒకటే ఉండాలి, ఇటు 9600, అటు 115200 ఉంటే వచ్చేది చెత్తే.

అసలు చిక్కు ఇక్కడుంది: ఊనో (ఆర్3) బోర్డు పోర్టు తెరవగానే రీసెట్ అవుతాది, అది లేచేదాకా మీరేం పంపినా గాల్లోకే, అందుకని తెరిచాక 2 సెకన్లు ఆగేలా స్లీప్ పెట్టండి. స్ట్రింగ్‌ని ఎన్‌కోడ్ చేసి బైట్లుగానే పంపాలి, అటువైపు కోడు న్యూలైన్ (లైను అయిపోయిందని చెప్పే గుర్తు, \n) కోసం చూస్తుంటే చివర్న అది మర్చిపోవద్దు. ఊనోలో వచ్చిన డేటా చదివేదాకా ఆగే చోటు (రిసీవ్ బఫర్) 64 బైట్లే, బోర్డు చదివే లోపు ఒకేసారి కుమ్మరిస్తే మిగతాది పోద్ది, కొంచెం పంపి, అటునుంచి ఓకే వచ్చాకే తర్వాతది. రీడ్‌కి టైమౌట్ ఇవ్వండి, లేదంటే జవాబు రాకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోద్ది.

మోటారుంటే దానికి వేరే సప్లై. మొదటిసారి మోటారు తీసేసి, బోర్డు మీద లైటు వెలిగించి ఆర్పి చూడండి.