కుచింగ్ కోలో మీ, కాల్చిన పంది మాంసం: ఇంట్లో చేసుకునే పద్ధతి

మలేషియాలో సరవాక్ రాష్ట్ర రాజధాని కుచింగ్. అక్కడి కాఫీ హోటళ్లలో, అంటే కోపితియాంలలో, పొద్దున్నే జనం అడిగే టిఫిన్ కోలో మీ. 'కోలో' అంటే పొడిగా కలపడం, 'మీ' అంటే నూడుల్స్. ఇందులో పులుసు ఉండదు. ఉడికిన నూడుల్స్‌ను పంది కొవ్వు నూనెలో కలిపి, పైన కాల్చిన మాంసం ముక్కలు పరుస్తారు. చారు వేరే గిన్నెలో వస్తుంది. అదే రాష్ట్రంలోని సిబు ఊళ్లో కంపువా మీ అని దీని చుట్టం ఒకటుంది, దాని నూడుల్స్ తిన్నగా ఉంటాయి. కోలో మీ నూడుల్స్ మాత్రం వంకర్లు తిరిగి ఉండాలి. కొవ్వు నిలిచేది ఆ వంకర్లలోనే.

ఈ కొలతలు నలుగురికి. పని ముందురోజే మొదలుపెట్టాలి.

కరకరలాడే తోలు మాంసం (సియు యుక్)

తోలుతో ఉన్న పొట్ట భాగం 1 కిలో, ఒకే పలకగా తీసుకోండి. ముక్కలు కొట్టించవద్దు. మరిగే నీళ్లలో తోలు కిందికి ఉండేలా పెట్టి 10 నిమిషాలు ఉడికించి, తీసి బాగా తుడవండి. ఇప్పుడు సన్నటి మేకు మొనతోనో గట్టి సూదుల గుత్తితోనో తోలంతా దగ్గరదగ్గరగా గుచ్చండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మొన తోలు దాటి కొవ్వులోకి కొంచెం దిగితే ఫర్వాలేదు, మాంసం దాకా పోతే మాత్రం కాలేటప్పుడు రసం ఆ రంధ్రం గుండా పైకి ఊరుతుంది. అక్కడ తోలు పొంగదు, చెప్పు తోలులా సాగుతుంది.

పలకను తిప్పి మాంసం వైపు 1 సెంటీమీటరు లోతు గాట్లు పెట్టి, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, 1 టీస్పూన్ పంచదార, 1 టీస్పూన్ ఫైవ్ స్పైస్ పొడి (చైనా వంటల్లో వాడే మసాలా పొడి), అర టీస్పూన్ తెల్ల మిరియాల పొడి కలిపి పట్టించండి. ఈ మసాలా తోలుకు అంటకూడదు, పంచదార తగిలిన చోట తోలు మాడిపోతుంది. తోలు పైకి ఉండేలా, మూత లేకుండా ఫ్రిజ్‌లో 12 నుంచి 24 గంటలు ఉంచండి. మూత పెడితే ఆవిరి నీరై తోలు మీదే పడుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం వృథా. తీసేటప్పటికి వేలితో తడితే గట్టి అట్ట మీద తట్టినట్టు చప్పుడు రావాలి.

పలక నాలుగు పక్కలా అల్యూమినియం రేకు మడిచి, తోలు మీద కాస్త వెనిగర్ పూసి, కల్లుప్పును అర సెంటీమీటరు మందాన పరిచి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు కాల్చండి. ఉప్పు పెంకులా లేచి వస్తుంది. దాన్ని ఊడదీసి, మిగిలిన రవ్వలు తుడిచి, వేడి 230కి పెంచి మరో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. తోలంతా చిన్న బుడగలుగా పొంగాలి. పలక ఒక పక్క ఎత్తుగా ఉంటే ఆ పక్క ముందే నల్లబడుతుంది, పల్లం వైపు కింద రేకు ఉండ పెట్టి సరిచేయండి. తీశాక 15 నిమిషాలు ఆగండి. కోసేటప్పుడు తోలు కిందికి ఉండాలి, లేదంటే పగిలి ఊడిపోతుంది.

ఎర్ర మాంసం (చార్ సియు)

మెడ భాగం అర కిలో, 4 సెంటీమీటర్ల మందపు పట్టీలుగా కోయండి. 2 టేబుల్ స్పూన్ల పంచదార, సోయా సాస్, ఆయిస్టర్ సాస్, హోయిసిన్ సాస్ (తియ్యటి చిక్కటి సోయా సాస్) ఒక్కో టేబుల్ స్పూన్, అర టీస్పూన్ ఫైవ్ స్పైస్, దంచిన వెల్లుల్లి 2 రెబ్బలు కలిపి రాత్రంతా నానబెట్టండి. కొవ్వు లేని ముక్క తెస్తే ఎండు పుల్లలా అవుతుంది. జాలీ మీద, కింద ట్రేలో నీళ్లు పోసి, 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చండి. నానిన సాస్ పచ్చి మాంసంతో ఉన్నది కాబట్టి 2 టేబుల్ స్పూన్ల తేనెతో కలిపి బాగా మరిగించాకే ముక్కలకు పూయాలి. మరో 10 నిమిషాల్లో మూడుసార్లు పూస్తే అంచులు నిగనిగలాడుతూ కాస్త మాడతాయి. ఆ మాడులోనే రుచి ఉంది. మిగిలిన సాస్ పారేయవద్దు.

కొవ్వు నూనె

పంది కొవ్వు 250 గ్రాములు చిన్న ముక్కలు చేసి, పావు కప్పు నీళ్లతో మూకుట్లో వేసి సన్న మంట మీద 30, 40 నిమిషాలు కరిగించండి. మొదట్లో ఆ నీళ్లే కొవ్వును మాడకుండా కాస్తాయి. ముక్కలు తీసేసి, సన్నగా తరిగిన సాంబారు ఉల్లిపాయలు 100 గ్రాములు ఆ నూనెలో వేయించండి. లేత బంగారు రంగు రాగానే తీసేయాలి, బయటికి వచ్చాక కూడా ఇంకొంచెం ముదురుతాయి. నల్లబడే దాకా ఆగితే నూనె మొత్తం చేదెక్కుతుంది.

నూడుల్స్

400 గ్రాముల మైదా, 2 గుడ్లు, 65 మిల్లీలీటర్ల నీళ్లు, 4 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల కాల్చిన వంటసోడా. వంటసోడాను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే సోడియం కార్బొనేట్ అవుతుంది. నూడుల్స్‌కు ఆ పసుపు రంగు, పంటికింద సాగే గుణం ఇచ్చేది అదే. చేత్తో ముట్టుకోకండి, చర్మం మండుతుంది. నీళ్లలో కరిగించి పిండిలో పోయండి. పిండి ముద్ద కాదు, రవ్వరవ్వగా ఉంటుంది. భయపడి నీళ్లు చేర్చవద్దు. అరగంట నాననిచ్చి, మిషన్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ల మందానికి ఒత్తి, సన్నగా కోసి, మొక్కజొన్న పిండి చల్లి, గుప్పిట్లో నలిపితే వంకర్లు తిరుగుతాయి. ఇంత ఓపిక లేనినాడు కొట్లో దొరికే గుడ్డు నూడుల్స్ వాడుకోవచ్చు.

కలపడం

మాంసం ముక్కలు, ఉల్లికాడలు, సోయా సాస్ వేసి వేయించిన పంది ఖీమా ముందే సిద్ధంగా ఉండాలి. ఒక్కో గిన్నెలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కొవ్వు నూనె, 1 టీస్పూన్ సోయా సాస్, అర టీస్పూన్ వెనిగర్, చిటికెడు ఉప్పు, తెల్ల మిరియాల పొడి వేసుకోండి. గిన్నె వెచ్చగా ఉండాలి, చల్లటి గిన్నెలో కొవ్వు పేరుకుపోతుంది.

పెద్ద గిన్నెడు మరిగే నీళ్లలో ఒక్క మనిషి నూడుల్సే, అంటే సుమారు 140 గ్రాములు, విడదీసి వేయండి. 45 నుంచి 60 సెకన్లు చాలు. జల్లిగరిటెతో తీసి చన్నీళ్లలో ముంచితే పైనున్న జిగురు పోయి బిరుసెక్కుతాయి. మళ్లీ వేణ్ణీళ్లలో 10 సెకన్లు ముంచి, గట్టిగా ఐదారుసార్లు విదిలించండి. నీళ్లు మిగిలితే కొవ్వు నూడుల్స్‌కు పట్టక గిన్నె అడుగున చేరుతుంది. వెంటనే గిన్నెలో వేసి కలపండి.

ఇది తెల్ల రకం. కుచింగ్‌లో 'మేరా' అంటే ఎర్రది అని అడిగితే చార్ సియు సాస్ వేసి కలుపుతారు. మిగిల్చిన సాస్ ఒక టీస్పూన్ అందుకే. పక్కన వెనిగర్‌లో నానిన పచ్చిమిర్చి చక్రాలు తప్పక ఉండాలి, అవి లేకపోతే రెండో గిన్నెకు కొవ్వు మొహం మొత్తుతుంది. పంది తినని ఇంట్లో కోడి తొడ మాంసం, కోడి కొవ్వు వాడండి. సరవాక్‌లో మలయ్ వాళ్లు గొడ్డు మాంసంతో చేసే మీ కోలోక్ కూడా ఈ వరసలోదే.

మిగిలిన సియు యుక్‌ను మైక్రోవేవ్‌లో పెట్టకండి, తోలు రబ్బరు అవుతుంది. 200 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడుతుంది.