సిన్స్, ఫర్ సరిగ్గా పెట్టినా వాక్యం తప్పుతోందా? వెర్బ్ చూడండి

సమస్య: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్", లేకపోతే "ఫ్రమ్ లాస్ట్ త్రీ ఇయర్స్". శ్రీకాకుళంలో ఇంటర్వ్యూకి ప్రిపేరయ్యే పిల్లల నోట రోజూ వినేదే.

ముందు "నుంచి" ముందర ఏముందో చూసుకోండి, ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే వదిలేస్తారు. మొదలైన టైమ్ అయితే సిన్స్, గడిచిన లెక్క అయితే ఫర్. సోమవారం నుంచి, పోయిన సిరిమాను పండగ నుంచి అంటే సిన్స్. మూడేళ్ళ నుంచి అంటే ఫర్. తెలుగులో రెండిటికీ ఒకటే "నుంచి" కాబట్టే ఈ గొడవంతా. "ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రెండు గంటల నుంచి పలాస బస్సు కోసం చూస్తన్నాను" అంటే రెండింటికి వచ్చి నిలబడ్డారా, వచ్చి రెండు గంటలైందా? మనకే రెండు రకాలుగా వినిపిస్తాది, ఇంగ్లీష్‌లోకి వెళ్ళే ముందు అది తేల్చుకోవాలి.

ఇది సరిచేశాక కూడా ఒకటి దాక్కుని ఉంటాది, నేను దెబ్బతిన్నది అక్కడే. పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తన్న కుర్రాడొకడు వేరే ఉద్యోగం కోసం "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అని రాసుకొచ్చాడు, ఫర్ కరెక్టే కదా అని నేను సరే అనేశాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే, ఎందుకు మానేశావు అని! వాడు మానలేదు, ఇంకా అక్కడే చేస్తన్నాడు. వర్క్‌డ్ అంటే అయిపోయిన పని, "ఐ యామ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే మొత్తం మూడేళ్ళకని వెళ్ళినట్టు, ఇప్పటికీ సాగుతోంది అనాలంటే "ఐ హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అనాల్సిందే. తెలుగులో "చేస్తన్నాను" అంటే చాలు, అందుకే మనకి ఈ హావ్ బీన్ గుర్తుకే రాదు. సిన్స్ పక్కన తప్పు వెర్బ్ పెడితే చెవికి వెంటనే తగుల్తాది, ఫర్ పక్కన మాత్రం వాక్యం గ్రామర్ ప్రకారం బాగానే ఉండి అర్థం మారిపోతాది, అందుకే ఎవరూ పట్టుకోలేరు.

కాబట్టి ఫర్ రాసిన ప్రతిచోటా ఆ పని ఇంకా జరుగుతోందా అని అడిగి, అవునంటే హావ్ పెట్టండి. సిన్స్ దగ్గరా అంతే: విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, ఇప్పటికీ ఉంది, కాబట్టి "హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 1979". తెలిసిన మనిషి గురించైతే "ఐ హావ్ నోన్ హిమ్", "హావ్ బీన్ నోయింగ్" వద్దు.

సిన్స్‌కి "కాబట్టి" అనే అర్థం కూడా ఉంది గానీ దాని దగ్గర తప్పు చేసినవాళ్ళని నేను పెద్దగా చూళ్ళేదు, ఇప్పటికి వదిలేయండి.