మ్యూజిక్ థెరపిస్టుగా మీ వృత్తి సిద్ధాంతాన్ని ఒక్క పేజీలో రాసుకోవడం ఎలా?

మ్యూజిక్ థెరపీ, అంటే సంగీతంతో చేసే చికిత్స, నేర్పే కోర్సు చివర్లోనో, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడో ఈ పేజీ అడుగుతారు. చాలామంది "సంగీతానికి ఎల్లలు లేవు" అని మొదలుపెడతారు. ఆ మాట పాటల పోటీలో యాంకర్ కూడా చెప్పగలరు. మీ పేజీ చదివినవాళ్లకు రేపు పొద్దున సెషన్లో మీరు ఏం చేస్తారో, ఏం చేయరో తెలిసిపోవాలి.

అందుకని ముందు నమ్మకాలు రాయకండి. ఈమధ్య చేసిన పది సెషన్ల నోట్సు ముందేసుకుని, ఒక్కోదానికి మూడు గడులు గీయండి: ఏం చేశాను, ఎందుకు చేశాను, ఏం కనబడితే ఆపేయాలి. మూడో గడి చాలామందికి ఖాళీగా మిగిలిపోతుంది. అసలు పని అక్కడే ఉంది.

పక్షవాతం వచ్చి తేరుకుంటున్న మనిషి నడకనే తీసుకోండి. 30 సెకన్లలో 28 అడుగులు వేశారంటే నిమిషానికి 56. మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో లయ దెబ్బలు వినిపించే పరికరం) 56 దగ్గరే పెట్టాలి. అడుగు దెబ్బకు సరిగ్గా పడటం మొదలయ్యాక 5 నుంచి 10 శాతం, అంటే 59 నుంచి 61 దాకా పెంచవచ్చు. ఇది మొదటి గడి. తర్వాతి అడుగు ఎప్పుడు పడాలో లయ ముందే చెబుతుంది కాబట్టి కాలు దానికి సిద్ధమవుతుంది. ఇది రెండో గడి. అడుగు పొట్టిదైనా, కాలు ఈడ్చినా, మనిషి తూలినా పాత వేగానికి దిగాలి, పక్కన ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఇది మూడో గడి. ఇప్పుడు ఇందులోంచి ఒక వాక్యం తీయండి: "వేగం ఎంతో రోగి శరీరాన్ని అడిగి తెలుసుకుంటాను, నాకు నచ్చిన పాటను అడగను." ఇలాంటి వాక్యాలు ఆరేడు దొరికితే పేజీ సగం అయినట్టే.

అన్ని సెషన్లూ ఒకే వాక్యం ఇవ్వవు. మతిమరుపు వ్యాధి ఉన్న 1945లో పుట్టిన పెద్దావిడ దగ్గర మెట్రోనోమ్‌కు పనిలేదు. ఆవిడ యవ్వనంలో, అంటే 1960ల్లో రేడియోలో విన్న పాటలు కావాలి. పాట మధ్యలో ఆవిడ ఏడ్చారనుకోండి. ఏడుపు వచ్చిందంటే తప్పు జరిగినట్టేమీ కాదు. కానీ పాట ఆపుతారా, గొంతు తగ్గించి కొనసాగిస్తారా, చేయి పట్టుకుని ఊరుకుంటారా? మీ జవాబేదైనా కారణంతో సహా పేజీలోకి రావాలి.

ఆ తర్వాతే మ్యూజిక్ థెరపీలోని సంప్రదాయాల జోలికి వెళ్లండి. సంగీతకర్త పాల్ నోర్డాఫ్, ప్రత్యేక విద్య టీచరు క్లైవ్ రాబిన్స్ 1959లో మొదలుపెట్టిన దారిలో, పిల్లాడూ మీరూ కలిసి అప్పటికప్పుడు కల్పించుకునే సంగీతంలోనే మార్పు జరుగుతుంది. సంగీతం, మెదడు మీద పరిశోధన చేసిన మైఖేల్ థాట్ పేరుతో ముడిపడిన న్యూరాలజిక్ పద్ధతిలో సంగీతం మెదడుకు, కండరానికి ఇచ్చే కచ్చితమైన ప్రేరణ. రెండూ వాడవచ్చు. అయితే "నాది అన్నీ కలిపిన పద్ధతి" అని రాసి వదిలేస్తే తప్పించుకున్నట్టే. ఎవరి దగ్గర ఏది, ఎందుకు అన్నది రాయాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది: రాగాల పట్టిక. ఫలానా రాగం బీపీకి, ఫలానాది షుగరుకు అంటూ చేతులు మారుతూ వచ్చే పట్టికలను పేజీలోకి రానివ్వకండి. నీలాంబరి రాగాన్ని జోలకు వాడటం మన సంప్రదాయమే. కానీ పుట్టి బుద్ధెరిగి కర్ణాటక సంగీతం వినని మనిషికి ఆ జోల కొత్త శబ్దమే అవుతుంది. వాళ్లమ్మ పాడిన పల్లెపాట అంతకన్నా మేలు చేయవచ్చు. పరిచయం, వేగం, శ్రుతి, గొంతు ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. కాబట్టి "రాగానికి రోగాన్ని అంటగట్టను, మందులు మానమని చెప్పను" అని తేటగా రాసుకోండి.

భక్తి పాటల సంగతీ అంతే. ఇంట్లోవాళ్లు కీర్తన పాడమంటారు. రోగిది వేరే విశ్వాసం కావచ్చు, ఏ విశ్వాసమూ లేకపోవచ్చు. అడగాల్సింది రోగినే. మాట రాని మనిషైతే ముఖం, ఊపిరి, వేళ్ల కదలిక చూడాలి. ఆటిజం ఉన్న పిల్లాడు చెవులు మూసుకుంటే మాట అక్కర్లేదు, అదే జవాబు. సెషన్ వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టరాదన్న నియమం కూడా ఈ పేజీలోదే.

ఇక రాయండి, 300 మాటలు దాటనివ్వకండి. ప్రతి వాక్యం "చేస్తాను" అనో "చేయను" అనో తేలాలి. "సంపూర్ణ వ్యక్తిత్వ వికాసం", "స్వస్థత ప్రయాణం" లాంటివి కొట్టేయండి. కొట్టేసినా అర్థం తగ్గకపోతే అవి అక్కడ అక్కర్లేనివే.

పేజీని తోటి థెరపిస్టు ఒకరికిచ్చి, పేరు తీసేసిన ఒక కేసు చెప్పి, "ఇక్కడ నేనేం చేస్తాను?" అని అడగండి. ఆయన ఊహించలేకపోయారంటే ఏ వాక్యం మసకగా ఉందో దొరికిపోతుంది. పైన తేదీ వేసి, ఆరు నెలలకోసారి కొత్త పది సెషన్లతో సరిచూడండి. మారిన వాక్యాన్ని చెరిపేయకుండా గీత కొట్టి, ఏ సెషన్ దాన్ని మార్చిందో పక్కన రాసి ఉంచండి.