వెలిగే ప్రోటోటైప్ మోడల్ ఎలా చేయాలి?

ప్రొడక్ట్ డిజైన్ ప్రాజెక్టుకి బెడ్‌ల్యాంప్ మోడల్ చేయాలంటే చాలామంది ముందు పెట్టె చేసేసి, లైటు సంగతి చివర్లో చూస్తారు. అక్కడే తేడా కొడుతుంది. లైటుకీ, ముందుండే యాక్రిలిక్ పలకకీ మధ్య ఎంత లోతు కావాలో తేలాకే పెట్టె కొలతలు వేసుకోవాలి.

లోతు తేల్చుకోండి. 5 వోల్టుల వార్మ్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్, 3 మి.మీ. మిల్కీ వైట్ యాక్రిలిక్ ముక్క తెచ్చుకోండి. హైదరాబాద్‌లో ఉంటే స్ట్రిప్, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మీటరుకి 60 ఎల్‌ఈడీలుంటే ఒక్కో దాని మధ్య దూరం దాదాపు 17 మి.మీ. యాక్రిలిక్‌ని అంతకంటే దగ్గర పెడితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. గది చీకటి చేసి, స్ట్రిప్ వెలిగించి, యాక్రిలిక్‌ని మెల్లగా స్ట్రిప్‌కి దూరంగా జరుపుతూ చుక్కలు ఎక్కడ కలిసిపోయాయో స్కేలుతో కొలవండి. సాధారణంగా 25 మి.మీ. ఉంటే టెన్షన్ ఉండదు. అంత లోతు కుదరకపోతే చిప్‌లు బాగా దగ్గరదగ్గరగా ఉండి చుక్కలు కనిపించని సీఓబీ స్ట్రిప్ వాడండి. లేదా స్ట్రిప్‌ని లోపలి పక్కగోడలకు అతికించండి. వెలుతురు తెల్లటి వెనక గోడకు తగిలి ముందుకొస్తుంది. నాకైతే ఈ పద్ధతే ఇష్టం, వెలుగు మెత్తగా ఉంటుంది.

పెట్టె చేయండి. 5 మి.మీ. సన్‌బోర్డ్ (మోడళ్లకు వాడే తేలికపాటి ఫోమ్ షీట్) చాలు. థర్మోకోల్ జోలికి పోవద్దు, స్ప్రే పెయింట్ తగిలితే కరిగిపోతుంది. తెల్ల సన్‌బోర్డ్ గుండా, మూలల సందుల్లోంచి వెలుతురు బయటికి కారుతుంది. మోడల్ చవకగా కనిపించడానికి అదొక్కటి చాలు. అందుకే బయట ముందు నల్ల రంగు కొట్టి, ఆరాక గ్రే ప్రైమర్, ఆపైన అసలు రంగు వేయండి. లోపల మాత్రం తెలుపే ఉంచండి.

వైరింగ్. పాత యూఎస్‌బీ కేబుల్ కోస్తే సాధారణంగా నాలుగు వైర్లుంటాయి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. కొన్ని కేబుళ్లలో రంగులు మారతాయి కాబట్టి మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకోండి. ఆకుపచ్చ, తెలుపు వైర్ల కొనలకు విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి. స్ట్రిప్‌ని గీత ఉన్నచోటే కత్తిరించి, రాగి బిళ్లల మీద సోల్డర్ చేయండి. అతుకుల మీద హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి. వైరు బయటికొచ్చే రంధ్రానికి లోపలివైపు ఒక ముడి వేయండి. ఎవరైనా లాగినా ఆ బరువు ముడి మీదే పడుతుంది, అతుకు ఊడదు.

కరెంటు లెక్క సులువు. స్ట్రిప్ మీటరుకి 8 వాట్లైతే అర మీటరుకి 4 వాట్లు. దాన్ని 5 వోల్టులతో భాగిస్తే 0.8 ఆంపియర్. 1 ఆంపియర్ ఫోన్ చార్జర్ సరిపోతుంది. మోడల్ లోపలికి 230 వోల్టులు తీసుకెళ్లొద్దు.

ముందువైపు యాక్రిలిక్ పలకని పెట్టెకి అతికించొద్దు. జ్యూరీ రోజున, అంటే ప్రాజెక్టుని చూసి మార్కులేసే రోజున, స్ట్రిప్ ఆగిపోతే విప్పగలగాలి. చుట్టూ చిన్న గాడి పెట్టి, మూలల్లో బుల్లి అయస్కాంతాలు అమర్చండి. వాటిని సూపర్ గ్లూతో అతికిస్తే యాక్రిలిక్ మీద తెల్లటి పొగమరక పడుతుంది. ఎపాక్సీ వాడండి.

ఫొటోలు వెలిగించి ఒకటి, ఆర్పి ఒకటి, ఒకే యాంగిల్‌లో తీయండి. పగలంతా ల్యాంప్ ఆరిపోయే ఉంటుంది కదా, అప్పుడూ బాగుండాలి. జ్యూరీలో పవర్ బ్యాంక్‌తో చూపించాలనుకుంటే ముందురోజే గంటసేపు వెలిగించి చూడండి. తక్కువ కరెంటు లాగితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆఫ్ అయిపోతాయి.