బ్రిటన్ పౌరసత్వ పరీక్షకు మన జిల్లా గుర్తులతో చదువుకునే పద్ధతి

బ్రిటన్‌లో స్థిరనివాసానికి గానీ పౌరసత్వానికి గానీ దరఖాస్తు చేసుకునేవారు, 18 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువారైతే, సాధారణంగా లైఫ్ ఇన్ ది యూకే అనే పరీక్షలో నెగ్గవలసి ఉంటుంది. 45 నిమిషాలలో 24 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి; వాటిలో 18 సరైతే ఉత్తీర్ణత. ప్రశ్నలన్నీ అక్కడి ప్రభుత్వం అధికారికంగా ప్రచురించిన పాఠ్యపుస్తకం నుంచే వస్తాయి. తిరుపతిలో కూర్చుని, వీడియో కాల్‌లో మా మేనకోడలిని ఈ పరీక్షకు చదివించినప్పుడు నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, మనవాళ్లు పార్లమెంటు, చట్టాల దగ్గర పెద్దగా తడబడరు; చరిత్రలోని సంవత్సరాల దగ్గర తడబడతారు.

అందుకు నేను చెప్పే పద్ధతి ఒకటే. మొదటిసారి చరిత్ర అధ్యాయాన్ని ఏదీ కంఠస్థం చేయకుండా కథలా చదివేయండి. రెండోసారి చదివేటప్పుడు ఒక నోటు పుస్తకంలో నిలువు గీత గీసి, కుడివైపు బ్రిటన్ సంఘటనను, ఎడమవైపు దాదాపు అదే కాలంలో మన చిత్తూరు సీమలో జరిగినదాన్ని రాసుకోండి. చిన్నప్పటి నుంచి చూసిన ఊరి పేరు పక్కన చేరిన సంవత్సరం అంత తొందరగా మరుపుకు రాదు.

ఉదాహరణకు చంద్రగిరి కోటతో మొదలుపెట్టవచ్చు. చంద్రగిరి ప్రభువుల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం ఇచ్చినది 1639లో. అప్పుడు ఇంగ్లండును ఏలుతున్న రాజు మొదటి చార్లెస్. సరిగ్గా మూడేళ్లకు, 1642లో, ఆయనకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. మద్రాసు స్థలం చేతులు మారిన పదేళ్లకు, 1649లో, ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. రాజు లేని పాలన, పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ అధికారం, 1660లో రెండో చార్లెస్ తిరిగి సింహాసనమెక్కడం, 1689 నాటి హక్కుల చట్టం అన్నీ ఈ ఒక్క మేకుకే తగిలించుకోవచ్చు. పరీక్షలో ఈ శతాబ్దం నుంచి ప్రశ్న రాకుండా ఉండటం అరుదు కనుక ఇక్కడ నాలుగు రోజులు ఎక్కువ గడిపినా నష్టం లేదు.

తరువాతి మేకు హైదరాలీ. ఆయన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో 1782 డిసెంబరులో కన్నుమూశాడు. మరుసటి ఏడే, 1783లో, బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. ఆర్కాటు నవాబు చేతి నుంచి మన ప్రాంతం కంపెనీ పాలనలోకి వెళ్లిన 1801వ సంవత్సరంలోనే ఐర్లండు గ్రేట్ బ్రిటన్‌తో ఒకే రాజ్యమైంది. స్కాట్లండుతో కలయిక అంతకు ముందే, 1707లో జరిగింది; ఈ రెండింటినీ తారుమారు చేసేవారు చాలామంది. 1833లో సామ్రాజ్యంలోని చాలా భాగాల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం వచ్చాక, తోటల్లో పనికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలెక్కించారు. వారిలో మన చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెలవారూ ఉన్నారన్నది గుర్తుంటే ఆ సంవత్సరం వేరే గుర్తు పెట్టుకోనక్కరలేదు.

మహిళల ఓటు హక్కుకు మదనపల్లెను మించిన గుర్తు లేదు. ఠాగూరు 1919లో జనగణమనను ఆంగ్లంలోకి మార్చింది అక్కడి థియోసాఫికల్ కళాశాలలో. దానికి స్వరాలు రాయడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్, ఐర్లండులో మహిళల ఓటు కోసం పోరాడి జైలుకు కూడా వెళ్లిన వ్యక్తి. బ్రిటన్‌లో 30 ఏళ్లు దాటిన మహిళల్లో కొందరికి ఓటు దక్కింది ఆ ముందు ఏడాది, 1918లో; పురుషులతో సమానంగా 21 ఏళ్లకే ఓటు వచ్చింది 1928లో. ఓటు వయసు 18కి తగ్గింది 1969లో.

ఆచారాల భాగం చిన్నది. నలుగురు పోషక సాధువుల (ఒక్కో ప్రాంతాన్ని కాపాడతారని నమ్మే క్రైస్తవ పునీతుల) రోజులు తేదీల వరుసలో రాసుకోండి: వేల్సుకు మార్చి 1, ఉత్తర ఐర్లండుకు మార్చి 17, ఇంగ్లండుకు ఏప్రిల్ 23, స్కాట్లండుకు నవంబరు 30. నవంబరు 5న కాల్చే బాణసంచా మన దీపావళికి దగ్గరగా వస్తుంది గానీ, అది 1605లో పార్లమెంటును పేల్చాలని చూసిన కుట్ర విఫలమైనందుకు చేసుకునేది. 1810లో లండనులో తొలి భారతీయ భోజనశాల తెరిచిన సేక్ దీన్ మహమ్మద్ పేరు కూడా వదిలిపెట్టకండి.

పౌరజీవితంలో మనకు అలవాటైనదే మోసం చేస్తుంది. వారి పార్లమెంటు ఎగువసభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌ను రాజ్యసభలా ఊహించుకోకూడదు. అక్కడి సభ్యులను ఎవరూ ఎన్నుకోరు. మనకున్నట్టు ఒకే లిఖిత రాజ్యాంగ గ్రంథం వారికి లేదు. నేర విచారణలో తీర్పు చెప్పే సాధారణ పౌరుల బృందం, అంటే జ్యూరీ, ఇంగ్లండులో 12 మంది అయితే స్కాట్లండులో 15 మంది. ఇంకొక విశేషం, కామన్వెల్త్ దేశస్థులు గనుక అక్కడ చట్టబద్ధంగా నివసించే భారతీయులు పౌరసత్వం రాకముందే ఓటర్లుగా నమోదై ఓటు వేయవచ్చు. చాలామంది ఏళ్ల తరబడి ఈ సంగతి తెలియకే ఉండిపోతారు.

పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు ప్రభుత్వ వెబ్‌సైటులోనే 50 పౌండ్లు కట్టి నమోదు చేసుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో, పొడి అక్షరమో పూర్తి పేరో అన్న అలవాటైన అశ్రద్ధ ఇక్కడ పనికిరాదు. తేడా ఉంటే పరీక్ష రాయనివ్వరు, డబ్బు తిరిగి రాదు. రెండు జవాబులు గుర్తించమన్న ప్రశ్నకు ఒక్కటే గుర్తించి వచ్చేయకండి. పరీక్ష తప్పితే ఏడు రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు. ఒకసారి నెగ్గితే ఆ ఫలితానికి గడువు లేదు, స్థిరనివాసానికి వాడినదే పౌరసత్వానికీ చెల్లుతుంది.

చివరిది ఇక్కడి కుటుంబంతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కనుక బ్రిటన్ పౌరులైన తరువాత మన పాస్‌పోర్టును అప్పగించాలి; ఆపైన కావాలంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఆ కార్డుతో ఇక్కడ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. నాన్నగారి మామిడితోట వారసత్వంగా రావచ్చు గానీ, దాని పక్క చెక్కను కొని కలుపుకోవడం కుదరదు; పౌరసత్వం మారకముందు కూడా, విదేశంలో స్థిరపడిన భారతీయులకు సాధారణంగా ఆ కొనుగోలుకు వీలుండదు.