ఒకే ఫొటోలో లోతు తెప్పించడం: నా అనుభవం

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఫొటోపై అందులోని ఊహా కెమెరా నడిపినప్పుడల్లా మనిషీ, వెనుక గోడా ఒకే అట్టలా కదిలేవి. స్కేల్ (పరిమాణం) యానిమేషన్, బ్లర్, రెడీమేడ్ ప్రీసెట్లు ఏవీ ఫలించలేదు.

ముందుగా ఫొటోషాప్‌లో మనిషిని వేరే లేయర్‌గా (పొరగా) కత్తిరించి, కింది లేయర్‌లో ఆ చోటును, అంచులకు కాస్త వెలుపలి భాగంతో సహా, చుట్టుపక్కల చిత్రాన్ని బట్టి ఖాళీని పూడ్చే కంటెంట్ అవేర్ ఫిల్‌తో నింపాను; మనిషి పక్కన రెండో ఆకారం తొంగిచూడకుండా ఆపేది ఆ వెలుపలి భాగమే. తరువాత ఫైలును లేయర్లు విడివిడిగా ఉండేలా కంపోజిషన్‌గా ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చి, రెండు లేయర్లనూ త్రీడీగా మార్చి, 50 ఎం.ఎం. కెమెరా పెట్టాను. 1920 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేములో ఫొటో నుంచి ఆ కెమెరా దూరం దాదాపు 2667 పిక్సెళ్లు కనుక, నేపథ్యాన్ని అందులో సగం, అంటే 1333 పిక్సెళ్లు వెనక్కి నెట్టి (దూరం ఒకటిన్నర రెట్లవుతుంది), స్కేల్‌ను 150 శాతం చేస్తే చిత్రం మొదటిలాగే కనిపించింది. ఆపైన కెమెరాను నెమ్మదిగా, కొద్దిగా ముందుకే నడిపాను. పక్కకు జరిపితే నేపథ్యపు అంచు బయటపడుతుంది.

చెదిరిన జుట్టున్న ఫొటోలకు, నేల లోపలికి సాగే దృశ్యాలకు రెండు లేయర్లు సరిపోకపోవచ్చు.