సముద్రంలో నీళ్లు పైకీ కిందికీ ఎలా కదులుతాయి? వంటింట్లోనే చూడాలంటే...

వరద రోజుల్లో అంతర్వేది దగ్గర నిలబడితే గోదావరి ఎర్రనీళ్లకూ సముద్రం నీళ్లకూ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత పొడవునా నురుగు, పుల్లలు, గుర్రపుడెక్క పోగుపడతాయి. రెండు రకాల నీళ్లు అక్కడ ఎదురై కిందికి దిగుతుంటే, తేలే చెత్త దిగలేక పైనే ఆగిపోతుంది. ఇలాంటి సరిహద్దునే ఫ్రంట్ అంటారు. నడిసముద్రంలోనూ ఫ్రంట్లు ఉంటాయి, వంద కిలోమీటర్ల వెడల్పున్న సుళ్లూ ఉంటాయి. రెండింటినీ ఇంట్లో చూడొచ్చు.

1. ఫ్రంట్ తయారుచేయండి

చేపల తొట్టిలా పొడుగాటి గాజు పాత్ర తీసుకోండి. పాత ప్లాస్టిక్ ఫైలు నుంచి అట్ట కత్తిరించి మధ్యలో అడ్డంగా నిలబెట్టండి. అంచుల్లో చపాతీ పిండి అదిమితే నీళ్లు కారవు. లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కరిగించండి, సముద్రంలో ఇంచుమించు అంతే ఉంటుంది. అందులో నీలం ఫుడ్ కలర్ రెండు చుక్కలు వేయండి. ఒకవైపు ఇవి, రెండోవైపు మంచినీళ్లు, రెండూ ఒకే ఎత్తులో పోయండి.

ఇప్పుడు అట్టను నిదానంగా పైకి లాగండి. నేను మొదటిసారి విసురుగా లాగేసి మొత్తం లేతనీలం నీళ్లు చేశాను! సరిగ్గా తీస్తే బరువైన నీలం నీళ్లు నాలుకలా అడుగున జారుకుంటూ పోతాయి, తేలికైనవి పైకెక్కుతాయి. కాసేపు అటూ ఇటూ ఊగి రెండు పొరలుగా నిలుస్తాయి.

సముద్రం మాత్రం ఇంత తొందరగా చదును కాదు. భూమి తిరుగుతుండటం వల్ల, జారబోయిన నీళ్లు పక్కకు తిరిగి ఫ్రంట్ వెంబడే ప్రవాహంగా పారతాయి. ఆ ప్రవాహం వంకరలు తిరిగి ఫ్రంట్ బిగుసుకున్న చోట, అంటే రెండు రకాల నీళ్లూ మరీ దగ్గరగా ఒత్తుకున్న చోట, తేలిక వైపు నీళ్లు పైకి లేస్తాయి, బరువు వైపువి కిందికి దిగుతాయి. మామూలుగా సముద్రంలో ఈ నిలువు కదలిక రోజుకు కొద్ది మీటర్లే. బిగుసుకున్న ఫ్రంట్ దగ్గర రోజుకు పదుల మీటర్లు, ఒక్కోసారి వంద దాకా ఉంటుంది.

2. సుడి తిప్పండి

వెడల్పాటి గాజు గ్లాసులో సగం దాకా నీలం ఉప్పునీళ్లు పోయండి. పైన మంచినీళ్లను స్పూను వీపు మీదుగా సన్నటి ధారగా వదలండి. ఇప్పుడు పై పొరను మాత్రమే స్పూనుతో గుండ్రంగా, మెల్లగా తిప్పి, పక్కనుంచి చూడండి. నీలం పొర మధ్యలో గుట్టలా లేస్తుంది.

నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చేది ఇక్కడే. తిరిగే నీళ్లకు పైన మధ్యలో కంటికి ఆనని గుంట పడుతుంది. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే రెండున్నర శాతమే బరువు కాబట్టి, లెక్క ప్రకారం అర మిల్లీమీటరు గుంటకు కింద రెండు సెంటీమీటర్ల గుట్ట లేస్తుంది. సముద్రంలోనూ అంతే: పైన పదిపదిహేను సెంటీమీటర్ల పల్లం ఉంటే, లోపల చల్లటి నీళ్లు పదుల మీటర్లు పైకి వస్తాయి.

అయితే గ్లాసులో ఎటు తిప్పినా గుట్టే. సముద్రంలో అలా కాదు, అక్కడ భూమి తిరగడం కూడా లెక్కలోకి వస్తుంది. మన అర్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు తిరిగే సుడి చల్లటి నీళ్లను పైకి తెస్తుంది, ముల్లుతో పాటు తిరిగేది వెచ్చటి నీళ్లను కిందికి నెడుతుంది.

తిప్పడం ఆపండి, గుట్ట అణిగిపోతుంది. లేవడం వేరు, కలవడం వేరు. ఈసారి జోరుగా తిప్పండి. నీలం తీగలు అగరొత్తి పొగలా పైకి లేస్తాయి, ఆపినా వెనక్కి వెళ్లవు. కలవడమంటే ఇది. బంగాళాఖాతంలో ఇది కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి లాంటి నదుల మంచినీళ్లు పైన మూతలా పరుచుకుంటాయి. అడుగున ఉన్న పోషకాలు వెలుతురు దాకా రావడానికి సుడో తుఫానో కావాలి. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ నాచు తక్కువ పెరగడానికి ఈ మూత ఒక పెద్ద కారణం.

3. అసలు సముద్రాన్ని చూడండి

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో సముద్రపు ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ (నాచులోని పచ్చరంగు) మ్యాపులు తెరవండి. రంగు హఠాత్తుగా మారే గీతలు ఫ్రంట్లు. చుట్టూ వెచ్చగా, మధ్యలో చల్లగా, పచ్చగా ఉన్న గుండ్రాలు పైకి తెచ్చే సుళ్లు. ఆ సంస్థ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేదీ ఇలాంటి గుర్తులను చూసే. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి కనిపించక మ్యాపులో ఖాళీలుంటాయి, రెండు మూడు రోజులవి కలిపి చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ రోజుల్లో చేపల సూచనల కోసం వెతక్కండి.